ఎథిక్స్ కమిటీ గట్టెక్కే చిట్కాలు: ఒక్కటీ పాటించొద్దు

పీహెచ్‌డీ పిల్లల మధ్య చేతులు మారే చిట్కాలు కొన్ని ఉన్నాయి. అవి ఏ పుస్తకంలోనూ అచ్చు కావు. హాస్టల్ మెస్‌లోనో, గైడు గది బయట బెంచీ మీదనో, షాద్‌నగర్ చౌరస్తాలో చాయ్ తాగుతూనో సీనియర్ జూనియర్‌కి చెప్తాడు. చెప్పేవాడికి చెడ్డ ఉద్దేశం ఉండదు. తను పడ్డ తిప్పలు తమ్ముడు పడకూడదనే చెప్తాడు. కానీ ఆ చిట్కాలన్నీ ఒక తప్పు లెక్క మీద నిలబడ్డాయి. మనుషుల మీద చేసే పరిశోధనకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ అంటే దాటాల్సిన గేటు అనీ, పాల్గొనేవాళ్లు సంతకం పెట్టే అంగీకార పత్రం అంటే ఆ గేటు దగ్గర చూపించాల్సిన టికెట్టు అనీ ఆ లెక్క.

నేను తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. ఒక సంస్థ ఎథిక్స్ కమిటీలో కొన్నేళ్లు సామాన్య సభ్యురాలిగా కూర్చున్నాను. డాక్టర్లు, లాయరు, సోషల్ సైంటిస్టుతో పాటు ఇలాంటి సభ్యులు ఒకరు ఉండాలన్నది నియమం. సైన్సు సంగతి వాళ్లు చూసుకుంటారు. ఊళ్లో మనిషికి ఈ కాగితం అర్థమవుతుందా లేదా అని చూడడం నా పని. ఆ కుర్చీలో కూర్చుని విన్నవీ, ఊళ్లల్లో తిరిగి చూసినవీ ఇక్కడ రాస్తున్నాను. చిట్కా ఏదో ముందు చెప్తాను. అది ఎందుకు వద్దో ఆ తర్వాత.

"అంగన్‌వాడీ టీచర్‌ని పట్టుకో, ఒక్క పూటలో యాభై సంతకాలు అయిపోతయ్"

అందరికంటే ఎక్కువ మంది చెప్పేదీ, అన్నింటికంటే ఎక్కువ హాని చేసేదీ ఇదే.

షాద్‌నగర్ హైదరాబాద్‌కి యాభై కిలోమీటర్లు. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు రంగారెడ్డిలో ఉంది. పొద్దున కాచిగూడలో రైలెక్కితే పది గంటలకల్లా ఊళ్లో ఉండొచ్చు, రాత్రికి హాస్టల్‌కి చేరుకోవచ్చు. "గ్రామీణ ప్రాంతం" కావాలి, కానీ దూరం పోలేం అనుకునే ప్రతి విద్యార్థికీ ఫరూక్‌నగర్, కేశంపేట, కొందుర్గు మండలాలు గుర్తొస్తాయి. అందుకే ఇక్కడి జనానికి ప్రశ్నలు కొత్త కాదు. కాగితాలూ కొత్త కాదు.

ఒక అబ్బాయి వెంట ఒక ఊరికి వెళ్లాను. అనుమతి ఇచ్చిన తర్వాత పని ఎట్లా జరుగుతోందో చూడడం కూడా కమిటీ బాధ్యతే. అంగన్‌వాడీ టీచరు కబురు పెడితే ఇరవై మంది ఆడవాళ్లు వచ్చి వరండాలో కూర్చున్నారు. రక్తహీనత మీద పరిశోధన. అబ్బాయి మంచివాడు, మాట నెమ్మది. నాలుగు పేజీల కాగితం తీసి గడగడా చదివాడు. చదవడం అయిపోగానే స్టాంపు ప్యాడ్ తీశాడు. ముందు కూర్చున్న అవ్వ బొటనవేలు చాపింది. ఒత్తితే గీతలు పడలేదు. నలభై ఏండ్లు కలుపు తీసి, రాళ్లేరి అరిగిన వేలు. రెండోసారి ఒత్తితే నల్లటి మచ్చ పడింది. అవ్వ వేలిని గోడకు తుడుచుకుంటూ అంగన్‌వాడీ టీచరు దిక్కు తిరిగి మెల్లగా అడిగింది: "బిడ్డా, గిది ఎయ్యకుంటే పింఛన్ ఆపుతరా ఏంది?"

ఆ ప్రశ్న అబ్బాయికి వినపడలేదు. నాకు వినపడింది. వేలిముద్ర పడక రేషన్ దుకాణం నుంచి ఖాళీ సంచితో తిరిగొచ్చిన రోజులు ఆమెకు తెలుసు. పింఛనుకి వేలు, ఉపాధి కూలీకి వేలు, బ్యాంకులో వేలు. ఆమె బతుకులో వేలిముద్ర ఏనాడూ ఇష్టానికి సంబంధించింది కాదు. అడిగితే వెయ్యాల్సిందే, లేకపోతే ఏదో ఒకటి ఆగుతుంది. పైగా ఇప్పుడు పిలిపించింది ఎవరు? కోడలికి గుడ్లూ, పిల్లలకు బాలామృతమూ ఇచ్చే టీచరు. ఆమె మాట కాదంటే రేపు ఏమవుతుందో అన్న భయం ఆ వరండాలో అందరి కళ్లలోనూ ఉంది. అక్కడ పడ్డ ముద్రలు ఇరవై. వాటిలో అంగీకారం ఎంతో నేను చెప్పలేను.

ఇదే పని పెద్ద ఎత్తున జరిగితే ఏమవుతుందో మన రాష్ట్రం చూసింది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిపింది. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు. ఖమ్మంలో చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవ లేచి 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. టీకా మంచిదా కాదా అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. ఆ టీకాను ఈనాడు డాక్టర్లే వేయించుకోమంటున్నారు. నేను చూసేది అంగీకార పత్రాల లెక్క. ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 ఫారాల్లో 1,948 వేలిముద్రలు. ఇంకో 2,763 ఫారాల మీద సంతకాలు చేసింది హాస్టల్ వార్డెన్లు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఆ వార్డెన్‌కీ మన అంగన్‌వాడీ టీచర్‌కీ తేడా లేదు. ఇద్దరూ పిల్లల మంచి కోరేవాళ్లే కావచ్చు. కానీ ఇంకొకరి ఒంటి మీద, ఇంకొకరి బతుకు మీద అనుమతి ఇచ్చే హక్కు వాళ్లకు లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలి. అది చాలదు. ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లల్ని నోటిమాటగా అడగాలి, పన్నెండు దాటిన పిల్లల దగ్గర రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. చదువురాని పెద్దవాళ్ల దగ్గర వేలిముద్ర తీసుకునేటప్పుడు పరిశోధనతో ఏ సంబంధమూ లేని, చదవడం వచ్చిన సాక్షి పక్కన ఉండాలి.

మరి ఏం చెయ్యాలి? సర్పంచినీ, అంగన్‌వాడీ టీచర్‌నీ, ఆశా కార్యకర్తనీ తప్పకుండా కలవండి. ఊళ్లోకి వచ్చామని చెప్పడం మర్యాద. అక్కడితో వాళ్ల పని అయిపోయింది. ఆ తర్వాత ఇంటింటికీ మీరే పోవాలి. ఇవాళ విషయం చెప్పి, రేపు వచ్చి అడుగుతానని లేచి రండి. రాత్రి కొడుకుతోనో కోడలితోనో మాట్లాడుకునే టైము వాళ్లకు దొరకాలి. యాభై సంతకాలకు పదిహేను రోజులు పడుతుంది. పట్టనివ్వండి. కొందరు వద్దంటారు. ఒక్కరు కూడా వద్దనని ఊరుంటే, అక్కడ అడిగిన తీరులో ఏదో లోపం ఉందని నేను అనుకుంటాను.

"ఇంగ్లీషు ఫారాన్ని తెలుగులోకి దించేస్తే చాలు"

ఇది నా సొంత రంగం, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. కమిటీ ముందుకు వచ్చిన తెలుగు పత్రాల్లో ఇలాంటి వాక్యాలు ఎన్ని దిద్దానో లెక్కలేదు: "ఈ అధ్యయనము నుండి ఏ సమయమునందైనను ఉపసంహరించుకొను స్వేచ్ఛ మీకు కలదు. తద్వారా మీకు లభించు ప్రయోజనములకు ఎట్టి భంగము వాటిల్లదు." ముప్పై ఏండ్లు తెలుగు చెప్పిన నేనే రెండుసార్లు చదవాలి. కేశంపేట రోడ్డులో కూరగాయలమ్ముకునే ఆమెకు ఇది మంత్రంలా వినిపిస్తుంది.

ఒక అమ్మాయితో కూర్చుని దాన్ని ఇట్లా మార్చాం: "మీకు ఇష్టం లేకపోతే మధ్యలో లేచిపోవచ్చు. ఎందుకని అడగం. లేచిపోయినా మీ పింఛను, రేషన్ కార్డు, దవాఖానలో మందులు, పిల్లల హాస్టల్ సీటు ఏదీ ఆగదు. మేము ప్రభుత్వం మనుషులం కాదు." చివరి వాక్యం ఆ అమ్మాయే చేర్చింది. ఊళ్లోకి పోయి రెండు ఇళ్లల్లో చదివి చూసి, అందరూ తనను సర్వేకి వచ్చిన సర్కారు మేడమ్ అనుకుంటున్నారని గమనించి చేర్చింది. ఆ ఒక్క వాక్యం విన్నాక ముగ్గురు వద్దన్నారట. ఆ ముగ్గురికీ వద్దనే వీలు ఆ వాక్యమే ఇచ్చింది.

షాద్‌నగర్‌లో ఇంకో సంగతి మర్చిపోకండి. ఇక్కడ తెలుగొక్కటే సరిపోదు. తండాల్లో పెద్దవాళ్లు లంబాడీ మాట్లాడతారు. కొత్తూరు, నందిగామ దిక్కు ఫ్యాక్టరీల్లో, ఇటుక బట్టీల్లో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు పనిచేస్తారు. మేనేజరు పర్మిషన్ ఇచ్చాడు కదా అని షిఫ్టు మధ్యలో వాళ్లను వరసగా నిలబెట్టి ప్రశ్నలు అడగడం, వార్డెన్ సంతకం కంటే మెరుగైన పనేమీ కాదు. మేనేజరు చూస్తుండగా ఏ కూలీ వద్దంటాడు? గేటు బయట, వాళ్ల గదుల దగ్గర, వాళ్ల భాష వచ్చినవాళ్లతో మాట్లాడించండి.

"ఇది సర్వేనే కదా, మందు ఇస్తున్నామా, కమిటీ ఎందుకు?"

ఖమ్మం ప్రాజెక్టు విషయంలోనూ నడిపినవాళ్ల వాదన ఇంచుమించు ఇదే. ఇది క్లినికల్ ట్రయల్ కాదు, టీకాను ఊళ్లల్లో ఎలా అందించాలో తెలుసుకునే ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు. పేరు మార్చినంత మాత్రాన పిల్లల భుజంలోకి దిగే సూది మారదు.

ప్రశ్న కూడా గుచ్చుకుంటుంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకర్లు పోయిన పిల్లల తల్లిని "మీ బిడ్డకు ఇట్లా ఎప్పటి నుంచి?" అని అడగడానికి రక్తం తియ్యక్కర్లేదు, మందు ఇవ్వక్కర్లేదు. ఆ తల్లి ఆ ప్రశ్నకు ఎన్నోసారి జవాబు చెప్తోందో ఆలోచించండి. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ జిల్లాలో మోకాళ్లు వంగిపోయే జబ్బు గురించి 1973లోనే ప్రపంచానికి చెప్పారు. నీళ్లల్లో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి "నల్లగొండ టెక్నిక్" అని పేరు కూడా వచ్చింది. ఆ తర్వాత ఎంతమంది నోటుబుక్కులతో, కెమెరాలతో వచ్చి వెళ్లారో ఆ ఊళ్లకే తెలుసు. మీరు వెళ్లి వచ్చాక ఆ తల్లి రాత్రంతా ఏడిస్తే ఎవరితో మాట్లాడాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నది మీ ప్రపోజల్‌లో రాసి ఉండాలి.

మార్గదర్శకాల్లో మినహాయింపులు ఉన్నాయి. ప్రమాదం లేని పనికి పూర్తి సమీక్ష అక్కర్లేదు, కొంచెం ఉన్నదాన్ని త్వరగా చూసే పద్ధతి ఉంది, ఎక్కువ ఉన్నదాన్ని కమిటీ మొత్తం కూర్చుని చూస్తుంది. కానీ మీ పని ఏ గంపలోకి వస్తుందో తేల్చేది మీరు కాదు, కమిటీ. సామాజిక, ప్రవర్తనా శాస్త్రాల ఆరోగ్య పరిశోధనకు ఆ మార్గదర్శకాల్లో విడిగా ఒక విభాగమే ఉంది. ఆ సంగతి తెలియకుండా పీహెచ్‌డీ పూర్తి చేసినవాళ్లున్నారు. తప్పు వాళ్లది మాత్రమే కాదు. కోర్స్ వర్క్‌లో యూజీసీ తప్పనిసరి చేసిన నైతికత కోర్సు 30 గంటలది. అందులో ఎక్కువ భాగం కాపీ కొట్టడం, జర్నళ్లు, ప్రచురణల చుట్టూనే తిరుగుతుంది. ఊళ్లో మనిషి ముందు కూర్చోవడం ఎట్లాగో పిల్లలకు ఎవరు నేర్పాలి?

"పేర్లు తీసేయ్, ఎవరికీ తెలవదు"

షాద్‌నగర్ దగ్గర హైవే పక్క ఊరు అని రాస్తే చాలు, 2019 నవంబరులో ఒక అమ్మాయిపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత తెలుగువాళ్లందరికీ ఒక్క ఊరే గుర్తొస్తుంది. ఆ అమ్మాయి పేరు ఎవరూ రాయకూడదని చట్టం చెప్పింది. అయినా కొన్ని గంటల్లోనే ఆ పేరు దేశమంతా పాకింది. ఈ ఊళ్ల ఆడపిల్లలతో భద్రత గురించి మాట్లాడాలనుకునే విద్యార్థిని ఎవరైనా ఉంటే, వాళ్లకు ఆ రోజు మళ్లీ గుర్తుచేస్తున్నానని తెలుసుకుని అడుగు పెట్టాలి.

మామూలు విషయాల్లోనూ అంతే. "తండాలో డిగ్రీ చదివిన ఏకైక మహిళ, వయసు 24, భర్త హైదరాబాద్‌లో డ్రైవర్" అని రాసి పేరు తీసేస్తే ఏం దాచినట్టు? ఆ తండాలో అందరికీ తెలుసు. ఆమె అత్తకు ముందు తెలుసు.

మనుషుల వివరాలు దాచడం ఎంత కష్టమో పాలమూరు (మహబూబ్‌నగర్) ఊళ్లను చూస్తే తెలుస్తుంది. ఇక్రిశాట్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ 1975లో మాడ్గుల వైపు అవురుపల్లి, దేవరకద్ర వైపు డోకూరు గ్రామాల్లో అధ్యయనాలు మొదలుపెట్టింది. ఒక్కో ఊళ్లో నలభై కుటుంబాలు. పరిశోధకులు ఊళ్లోనే ఉండి, పంట ఎంత, కూలి ఎంత, అప్పు ఎంత అని ఏళ్ల తరబడి రాసుకున్నారు. ఆ లెక్కల మీద ప్రపంచమంతా ఆర్థికశాస్త్రం నడిచింది. కరువొస్తే ఊరివాళ్లు ఒకరినొకరు ఎట్లా ఆదుకుంటారో చెప్పిన రాబర్ట్ టౌన్‌సెండ్ వ్యాసం 1994లో ఎకనోమెట్రికాలో వచ్చింది. అందులోని మూడు ఊళ్లలో అవురుపల్లి ఒకటి. ఆ పనిని నేను గౌరవిస్తాను. ఊళ్లో కాపురం ఉండి రాసుకున్నదానికీ, రైలు దిగి రెండు గంటల్లో రాసుకున్నదానికీ పోలిక లేదు. అయినా ఒక మాట. ఊరి పేరు అచ్చయిన చోట నలభై కుటుంబాల్లో పెద్ద రైతు ఎవరో, అప్పులపాలైంది ఎవరో గుర్తుపట్టడం ఊరివాళ్లకు ఎంతసేపు? అందుకే కుటుంబాల వివరాలు ఎంత జాగ్రత్తగా దాచాలో మొదటి రోజే ఆలోచించుకోవాలి.

మీ చేతిలో ఇప్పుడు సెల్‌ఫోనుంది. ఆధార్ నంబర్లు, ఫొటోలు, రోగాల పేర్లు ఒకే ఎక్సెల్ షీటులో పెట్టి, ఆ షీటును వాట్సాప్ గ్రూపులో గైడుకి పంపే పిల్లల్ని నేను చూశాను. ఆధార్ మీకు అక్కర్లేదు, అడగకండి. పేర్ల జాబితా ఒక చోట, జవాబులు ఇంకో చోట, రెంటినీ కలిపే నంబర్ల కాగితం తాళం వేసిన బీరువాలో. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పరిశోధనకు కొంత వెసులుబాటు ఇచ్చింది. నిర్లక్ష్యానికి ఇవ్వలేదు.

"ముందు డేటా తెచ్చుకో, డేటు వెనక్కి వేసి అప్లై చెయ్"

ఇది మోసం. దీని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. జరిగిపోయిన పనికి అనుమతి ఉండదు.

"ఐదొందలు చేతిలో పెడితే ఎవరైనా కూర్చుంటరు"

కూర్చుంటారు, అదే సమస్య. పోయిన కూలికి, బస్సు చార్జీకి సరిపడా ఇవ్వడం న్యాయం, ఇవ్వాలి కూడా. ఉపాధి పని మానుకుని మీ ముందు కూర్చున్న ఆమెకు ఆ రోజు కూలి ఎవరిస్తారు? కానీ వద్దనుకున్న మనిషి కూడా కాదనలేనంత డబ్బు ఇస్తే, సమ్మతి అడగడం పోయి కొనడం మొదలవుతుంది. ఎంత ఇస్తారో, ఎందుకిస్తారో కమిటీకి ముందే రాసి ఇవ్వండి.

కమిటీలకూ ఒక మాట చెప్పాలి. పిల్లలు అడ్డదారి తొక్కడంలో మన వాటా ఉంది. మూడు నెలలకోసారి కూర్చోవడం, కోరం లేదని వాయిదా వెయ్యడం, ఫారం మీద స్పేసింగు తప్పుందని తిప్పి పంపడం చేస్తే ఫెలోషిప్ గడువు ముంచుకొచ్చే పిల్ల ఏం చేస్తుంది? కనీసం ఐదుగురు ఉంటే కోరం. అధ్యక్షులు బయటి సంస్థవాళ్లు ఉండాలి, సామాన్య సభ్యుల మాట వినాలి. ఇవన్నీ కాగితం మీద బాగానే ఉన్నాయి. మహబూబ్‌నగర్‌లో 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చాక ఈ ప్రాంతపు పిల్లలే ఈ ఊళ్ల మీద పరిశోధనలు చేసే రోజులొచ్చాయి. వాళ్లు తిరిగేవి సొంత ఊళ్లు, అడిగేది సొంత మేనత్తల్ని, పెద్దమ్మల్ని. వాళ్లకు నెలలోపు జవాబు చెప్పే కమిటీ ఉండాలి. ఫారం దిద్దడమే కాదు, పక్కన కూర్చుని నేర్పే కమిటీ కావాలి.

మాటల గురించి చివరగా ఒకటి. 1964లో హెల్సింకిలో ప్రపంచ వైద్య సంఘం చేసిన ప్రకటనలో ఇంతకాలం "సబ్జెక్టులు" అనే మాటే ఉండేది. 2024లో దాన్ని "పాల్గొనేవారు" అని మార్చారు. అరవై ఏండ్లు పట్టింది. మన పిల్లలు ఇంకా "నా శాంపిల్ నాలుగు ఊళ్ల నుంచి వస్తుంది" అంటారు. శాంపిల్ అనడం మానేయండి. మనుషులని అనండి.

ఆ అవ్వ సంగతి అడుగుతారేమో. ఆ రోజు మేము పని ఆపించాం. మర్నాడు అబ్బాయి ఒక్కడే ఆమె ఇంటికి వెళ్లి, అరుగు మీద కూర్చుని మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. పింఛనుకీ దీనికీ సంబంధం లేదన్నాడు. "అయితే నాకొద్దు బిడ్డా" అందామె. చాయ్ పోసి పంపింది. నిన్నటి కాగితాన్ని అతను ఆమె కళ్లముందే చింపేశాడు.

మీరు పని ముగించుకుని షాద్‌నగర్ స్టేషన్‌కి బయల్దేరే ముందు ఒక్కటి చూసుకోండి. సమాచార పత్రం నకలు, దాని మీద మీ ఫోను నంబరూ కమిటీ ఫోను నంబరూ పెద్ద అక్షరాల్లో, మీరు మాట్లాడిన ప్రతి ఇంట్లోనూ ఉందా? లేకపోతే ఆ రైలు వదిలెయ్యండి, వెనక్కి వెళ్లి ఇచ్చి రండి.